సేవ్ చేయని పాట

మా హాల్లో మూలనున్న కంప్యూటర్ లినక్స్‌ది. మావాడు హాస్టల్‌కి వెళ్లాక దాని మీద పెత్తనం నాదే. పనిలో ఉండగా కుక్కర్ కూతేస్తే, హైబర్నేట్ నొక్కేసి వంటింట్లోకి పరిగెత్తడం నాకు అలవాటు. అదీ వాడు నేర్పిందే.

సస్పెండ్ అంటే పొయ్యి సిమ్‌లో పెట్టడం లాంటిదట. కరెంటు పోతే అంతే సంగతులు. మాకు యూపీఎస్ కూడా లేదు. అదే హైబర్నేట్ అయితే, తెరిచినవన్నీ డిస్కులో స్వాప్ అనే చోట దాచి పూర్తిగా ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే వదిలిన చోటే ఉంటాం. మా ర్యామ్ 8 జీబీ, స్వాప్ కూడా అంత పెట్టాడు. ఆ ధీమాతో నేను సేవ్ చేయడమే మానేశాను.

మొన్న అమ్మ వచ్చింది. 78 ఏళ్లు. మా అమ్మమ్మ పాడే అప్పగింతల పాట మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి చెప్పించుకుని టైప్ చేశాను. ఐదు చరణాలు. ఫైలుకి పేరైనా పెట్టకుండా, ఎప్పటిలాగే హైబర్నేట్ నొక్కాను.

మర్నాడు ఆన్ చేస్తే అంతా కొత్తగా మొదలైంది. పాట లేదు.

మావాడికి ఫోన్ చేశాను. "అమ్మా, ఈమధ్య అప్‌డేట్ ఏమైనా చేశావా?" అన్నాడు. ముందురోజే పెద్ద అప్‌డేట్ చేశాను. మధ్యలో అదేదో గ్రబ్ ఫైలు గురించి పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అనడిగితే, కొత్తదే మంచిదనుకుని సరే అన్నాను. దాచిన సామాను ఏ అటక మీదుందో మావాడు రాసిపెట్టిన చీటీ ఆ పాత ఫైల్లోనే ఉందట. చీటీ లేకపోయేసరికి, మెషిన్ వెతక్కుండానే కొత్తగా మొదలైంది. పైగా మొదలవుతూనే ఆ చోటుని మళ్లీ వాడకానికి తీసుకుంది. ఇక రాదన్నాడు.

వాడు ఫోన్లో చెబుతుంటే ఒక్కో అక్షరం కొట్టి ఆ రెజ్యూమ్ చిరునామా మళ్లీ రాశాను. ఈసారి ఒక ఉత్త ఫైలు తెరిచి, హైబర్నేట్ చేసి చూశాను. తిరిగొచ్చింది. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ముందు ఇలా చూసుకోండి. అంతకన్నా ముందు సేవ్ చేసుకోండి.

అమ్మని మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. సాయంత్రం పూలు కడుతుంటే మెల్లిగా చెప్పాను. "దానికేముందే, మళ్లీ చెప్తాను, రాసుకో" అంది. నాలుగు చరణాలు గబగబా వచ్చాయి. ఐదోది రాలేదు. రాత్రి పడుకున్నాక కూడా పెదవులు కదుపుతూనే ఉంది. ఊరెళ్లేటప్పుడు బస్సెక్కుతూ, "గుర్తొస్తే ఫోన్ చేస్తాలే" అంది.

ఫైలుకి అమ్మమ్మ పేరు పెట్టాను. కింద నాలుగు లైన్లు ఖాళీగా వదిలాను.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకి అప్పగింతల పాటలు వస్తే, ఇవాళే రాసుకోండి.