కొండమీద సైకిలు

"ఏమోయ్, అడవుల్లో సైకిలు తొక్కడం కూడా రాయదగ్గ విషయమేనా? అదీ అమెరికాలో, సెలవునాడు, వేల డాలర్ల బండిమీద!" అని గుంటూరులో లెక్చరరుగా వున్న ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. మనం శ్రమను గురించి ధైర్యంగా రాస్తాం. విరామాన్ని గురించి రాయవలసి వచ్చినప్పుడు కొంచెం సిగ్గుపడతాం. కాని ఒకడికి విరామం ఎక్కడినుంచి వస్తుంది, దానికి ఎవరు ఖరీదు కడతారు అన్నది కూడా శ్రమకు సంబంధించిన ప్రశ్నే గనుక, నా వరకు ఆ లెక్క చెప్పుకోవడానికి ప్రయత్నిస్తాను.

మా నాన్నగారు పల్నాడులో ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. ఆయనకొక నల్లని హెర్క్యులిస్ సైకిలు వుండేది. రోజూ పోను ఐదు మైళ్ళు, రాను ఐదు మైళ్ళు. వానలు పడితే రేగడిమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కూరుకొని బండి కదిలేది కాదు. అప్పుడు పంచె ఎగగట్టి, సైకిలును భుజాన వేసుకొని నడిచేవారు. "ఎండాకాలం సైకిలు మనిషిని మోస్తుంది, వానాకాలం మనిషి సైకిలును మోస్తాడు" అనేవారు. సరదాకు సైకిలెక్కడం ఆయన ఎరగరు. 2014లో మా యింటికి, ఓక్లాండుకు వచ్చినప్పుడు నా కొండసైకిలును చుట్టూ తిరిగి చూశారు. ఒంటిచేత్తో లేపి బరువు చూశారు. "దీనికి మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియరూ లేదు. దీనిమీద ఏం తెస్తావురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఈ రకం బండి పుట్టినచోటు మాకు దూరమేమీ కాదు. అఖాతానికి ఆవలి గట్టున వున్న మారిన్ కౌంటీ. 1970ల్లో అక్కడి యువకులు కొందరు 1930, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళను పాతసామాను కింద కొని, కొండెక్కించి, మట్టిరోడ్డు వెంట దిగేవారు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టుకొన్నారు. సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగుల పల్లం. వెనక్కు తొక్కితే పడే బ్రేకులు గనుక, కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజంతా పొగై పోయేది. దాన్ని విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసిందే. అందుకే ఆ బాటకు 'రీప్యాక్' అని పేరు పెట్టారు. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త బండ్లు కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపానులో తయారు చేయించి బజారుకు తెచ్చింది. తుక్కు సరుకు కావడానికి ఐదేళ్ళు చాలింది! ఆ తొలి గుంపు ఫొటోల్లో చాలావాటిని తీసింది వెండీ క్రాగ్ అనే స్త్రీ. ఆమె కూడా ఆ బాటలో పందేనికి దిగినదే. అయితే ఫొటో తీసేవాళ్ళు ఫొటోలో కనిపించరు గదా, నాకు ఆ పేరు తెలిసింది చాలా ఆలస్యంగా.

నేను తిరిగేది ఓక్లాండు కొండలమీది రెడ్‌వుడ్ అడవుల్లో. తొలిసారి వెళ్ళినవాడు వాటిని చూసి ఆదిమారణ్యమని మురిసిపోతాడు. నేనూ మురిసిపోయాను. నిజానికి అది కొట్టేసిన అడవి. ఒకప్పుడు సముద్రంమీదినుంచి వచ్చే నావికులు ఆ శిఖరంమీది పెద్ద చెట్లను గుర్తుపెట్టుకొని, నీటిలో దాగిన బండను తప్పించుకొనేవారు. 1840లనుంచి రంపపు కోతలు మొదలై, 1860 నాటికి దాదాపు అడవంతా నేలకూలింది. ఆ కలపతో చుట్టూ పట్టణాలు లేచాయి. అంతకుముందే అక్కడి ఓలోనీ జనాన్ని మిషన్లు ఊడ్చివేశాయి. ఇప్పుడు మనం చూసే చెట్లు ఆ మొద్దులనుంచి లేచిన పిలకలు. అరటి బోదె నరికితే చుట్టూ పిలకలు వస్తాయి చూడండి, అట్లాగే, కాని నూరడుగుల ఎత్తున. తల్లిచెట్టు వున్నచోట గుంట, దానిచుట్టూ వలయంగా బిడ్డలు. మధ్య నిలబడితే ఎవరో ఇప్పుడే లేచిపోయిన గదిలో నిలబడినట్టుంటుంది.

2011నుంచి ఆరేళ్ళపాటు ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఒంటరిగా ఆ కొండలెక్కాను. అందులోని ఆనందాన్ని నేను దాచను. సన్నబాటమీద దిగేటప్పుడు రెండు పెడళ్ళూ సమంగా పెట్టి, మోచేతులు వంచి, నడుము సీటు వెనక్కు జరిపి, చూపు దూరంగా నిలపాలి. చూపు ఎటో బండి అటే. రాయిని చూస్తే రాయిమీదికే పోతుంది. బ్రేకు గట్టిగా బిగిస్తే చక్రం ఈడ్చుకుపోయి బాటను గాడి కోస్తుంది. ఆ గాడి వానకు కాలువ అవుతుంది. గుండె దడదడలాడుతూ వుండగా మంచు పట్టిన చెట్లనుంచి చినుకులు రాలుతూ వుంటే, ఆఫీసూ, వీసా కాగితాలూ, ఏమీ గుర్తుండవు. భావకవుల ఏకాంతాన్ని పలాయనమని మనవాళ్ళు కోప్పడ్డారు. నేనూ విద్యార్థిగా వున్నప్పుడు గొంతు కలిపినవాణ్ణే. నలభయ్యోయేట అదే ఏకాంతం కోసం అలారం పెట్టుకొని లేచాను.

నేను కొండమీద వున్న ఆ మూడు గంటలూ ఇల్లు నడిపింది నా భార్య. ఆమె కావలిలో రసాయనశాస్త్రం లెక్చరరు. 2008లో నా హెచ్1బి వీసా వెంట హెచ్4 మీద వచ్చింది. ఆ వీసా మీద భార్యకు ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015లో, అదీ కొందరికి మాత్రమే, ఆ హక్కు యిచ్చారు. ఆ ఏడేళ్ళూ ఆమెకు ఆదివారమే లేదు, ఎందుకంటే సోమవారమూ లేదు గనుక. ఒకసారి "మీరు ఒంటరితనం కోసం కొండెక్కుతారు. నాకు అది యింట్లోనే దొరుకుతుంది" అంది. నేను నవ్వాను. నవ్వవలసిన మాట కాదని ఇప్పుడు తెలుసు.

2017 జూన్‌లో పడ్డాను. ఏప్రిల్ తర్వాత అక్కడ వానలుండవు. బాట పిండిలాగా పొడిబారి వుంది. ఓకుచెట్ల వేళ్ళ దగ్గర మలుపులో ముందుచక్రం జారింది. భుజంమీద పడ్డాను, జత్రుక విరిగింది. లోయలో ఫోను పలకలేదు. నా ప్రియమైన ఏకాంతం అప్పుడు పూర్తిగా దొరికింది. సుమారు అరగంట కూచున్నాక ముందు ఒక కుక్క వచ్చింది, దాని వెనక ఒక మనిషి. తన మెడగుడ్డతో నా చెయ్యి కట్టి, ఒకచేత్తో నన్నూ, ఒకచేత్తో సైకిలునూ పట్టుకొని, మంటలార్పే బండ్లకోసం వేసిన పెద్ద మట్టిరోడ్డుదాకా ఎక్కించాడు. నాకు స్పానిష్ రాదు, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. పైన మేకల మంద వుంది.

ఆ మేకల సంగతి చెప్పాలి. 1991 అక్టోబరులో ఈ కొండల్లో రేగిన మంట 25 మందిని పొట్టన పెట్టుకొంది, మూడువేలకు పైగా ఇళ్ళను కాల్చింది. అందుకని ఎండాకాలంలో పొదలూ గడ్డీ పెరగనివ్వకుండా మేకల్ని తోలి మేపుతారు. మేకల వెంట కాపరులు. వారిలో చాలామంది పెరూ దేశంనుంచి వస్తారు. నేను ఆరేళ్ళు ఆ కొండలెక్కాను. వలకంచె చూశాను, మేకల్ని చూశాను, ఒకసారి ఆగి ఫొటో కూడా తీశాను. మనిషిని మాత్రం చూడలేదు.

భుజం అతికేదాకా సైకిలు ముట్టలేదు. ఆ నెలల్లో ఒకరోజు నా భార్య, "నాకు నేర్పండి" అంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళింట్లో వున్న ఒక్క సైకిలూ వాళ్ళన్నయ్యది. ఆమె దానివెనక కూచునేది. 1991లో తమిళనాడు పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా పల్లెటూరి స్త్రీలు వేలాదిగా సైకిలు నేర్చుకొన్నారు. పాలగుమ్మి సాయినాథ్ రాయడంవల్ల అది మనకు తెలుసు. ఆ వ్యాసం ఇంట్లో నేనే గట్టిగా చదివి వినిపించాను, పదేళ్ళ కిందట, ఎంతో ఆవేశంగా. "పుదుక్కోటలో ఆ పని ఉద్యమం చేసింది. మన యింట్లో చదవడం వరకే జరిగింది" అంది ఆమె. నలభై దాటిన మనిషి సైకిలు నేర్చుకోవడం తేలిక కాదు. పడితే ఎముక విరుగుతుందని ముందే తెలుసు, ఎదుట నేనే సాక్ష్యం. మూడు నెలలు స్కూలు మైదానంలో తిరిగాం. సీటు దించి, పెడళ్ళు ఊడదీసి, ముందు కాళ్ళతో నెట్టుకొంటూ తూకం నేర్చుకొంది. తర్వాత అమ్మాయి, ఆమె, నేను ముగ్గురం పెద్ద మట్టిరోడ్లమీదికి వెళ్ళడం మొదలుపెట్టాం.

కుటుంబంతో వెళ్ళేటప్పుడు వేగముండదు. అందరికన్నా నెమ్మదిగా ఎక్కేవారిదే జట్టు వేగం. నాకు మొదట్లో విసుగు పుట్టేది. పైన ఆగి, గడియారం చూసుకొనేవాణ్ణి. కాని ఆగినందుకే కొన్ని కనిపించాయి. మరుసటి వేసవిలో ఆ కాపరిని మళ్ళీ కలిశాం. అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు, స్కూల్లో స్పానిష్ చదువుతున్నది. ఆరేళ్ళలో నేను చేయని పని అది ఐదు నిమిషాల్లో చేసింది: ఆయన పేరు అడిగింది. ఊరు వన్‌కాయో పక్కన, కొండల్లో. దీని వయసు కూతురే వుందట, చూసి రెండేళ్ళయిందట. వచ్చింది హెచ్2ఏ వీసామీద. అది ఏకబిగిని మూడేళ్ళకు మించి వుండనివ్వదు. రాత్రీపగలూ మందతోనే, చిన్న ట్రైలరులో కాపురం. నాదీ హెచ్చే, ఆయనదీ హెచ్చే! నా హెచ్ వెనక కుటుంబం వచ్చింది. ఆయన వెనక కూడా రావచ్చునని చట్టం అంటుంది కాబోలు, కాని కొండమీది ఆ ట్రైలరులో ఎవరికి చోటు? "మీరు ఒంటరిగా ఎందుకొస్తారు?" అని ఆయన నన్ను అడిగించాడు. అమ్మాయి ఏదో చెప్పింది. ఏం చెప్పావంటే, "మీకిష్టమని చెప్పాను నాన్నా, ఇంకేం చెప్పను?" అంది. ఆయన కొంచెంసేపు ఆలోచించి తలాడించాడు. నమ్మినట్టు లేదు.

నేను ఒంటరిగా వెళ్ళడం మానలేదు. మానానని రాస్తే మిత్రుడు మెచ్చుకుంటాడు గాని అది అబద్ధమవుతుంది. ఇప్పుడు ఒక ఆదివారం నాది, ఒక ఆదివారం ఆమెది. ఆమెది అయిననాడు నేను యింట్లో పప్పు నానబోసి, బట్టలు ఉతికి, అమ్మాయి కాలేజీనుంచి వస్తే దానికి వండిపెట్టి, తొమ్మిది దాటగానే కిటికీలోంచి వీధిలోకి చూస్తూ వుంటాను. ఫోను చెయ్యబుద్ధవుతుంది, లోయలో పలకదని తెలిసి కూడా. పోయిన నెల ఆమె పదకొండింటికి వచ్చింది. మోకాలిదాకా బురద, మోచేతిమీద గీత, చక్రంలో ఎండుటాకులు. ఆ ఆకులు మేమెప్పుడూ వెళ్ళే బాటలోవి కావు.

"ఏ దారిన వెళ్ళావు?" అన్నాను.

"చెప్పను" అని సైకిలు గోడకానించి, మంచినీళ్ళు అడిగింది.