సమాధి లేని అన్నయ్య



ఈ వారం ఒక రాయి గురించి రాస్తాను. దాంతోపాటు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

ఏటా నవంబరు 2న సమాధుల పండుగకి మనమంతా సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. నేను పేర్ల చీటీ చదివి ప్రార్థన చేస్తాను. మన సంఘంలో ఒక మామ్మగారు అమ్మానాన్నల సమాధుల మీద రెండు కొవ్వొత్తులు పెట్టాక, మూడోది గోడ వారన ఖాళీ నేల మీద పెట్టేవారు. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను. ఎందుకమ్మా అని ఒక్కసారీ అడగలేదు.

కిందటేడు వేసవిలో నేను ఢిల్లీ వెళ్తున్నానని తెలిసి ఆవిడ ఇంటికొచ్చారు. చేతిలో మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితం. అందులో ఒక నంబరు, పేరు, పటాలం పేరు.

"అయ్యగారూ, అక్కడ యుద్ధంలో పోయినోళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కారంట కదండీ. మా అన్నయ్య పేరుందేమో చూసి రండి."

1971 డిసెంబరు. గుడికి క్రిస్మస్ నక్షత్రం కట్టే రోజుల్లో టెలిగ్రాం వచ్చిందట. అప్పుడావిడకి పద్నాలుగేళ్లు. కొన్నాళ్లకి ట్రంకుపెట్టె వచ్చింది. మనిషి రాలేదు. ఆ రోజుల్లో యుద్ధభూమిలో మరణించినవారికి ఎక్కువగా అక్కడే దగ్గర్లో అంత్యక్రియలు జరిపేవారు. జవాన్ల పార్థివదేహాలను సొంతూళ్లకు చేర్చడం 1999 కార్గిల్ యుద్ధంతోనే మామూలైంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అసువులు బాసిన కల్నల్ సంతోష్ బాబు గారిని సూర్యాపేటకు తెచ్చినప్పుడు మనమంతా టీవీలో చూశాం. ఆవిడా చూశారు. "ఆ తల్లికి కడసారి చూపన్నా దక్కింది. మా అమ్మకి అదీ లేదండీ" అన్నారు.

అప్పుడర్థమైంది నాకు, ఆ మూడో కొవ్వొత్తి ఎవరిదో.

ఇండియా గేట్ పక్కనే ఉంది జాతీయ యుద్ధ స్మారకం. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చక్రాలు. నడిమధ్య అమర చక్రంలో స్తంభం, ఆరని జ్యోతి. 1971 యుద్ధవీరుల కోసం 1972లో ఇండియా గేట్ కింద వెలిగించిన జ్యోతిని కూడా 2022 జనవరిలో ఇక్కడి జ్యోతిలోనే కలిపారు. త్యాగ చక్రంలో గ్రానైటు గోడలు. స్వాతంత్ర్యం వచ్చాక దేశం కోసం ప్రాణమిచ్చినవారి పేర్లు ఒక్కొక్కరికి ఒక్కో రాయి చొప్పున బంగారు రంగు అక్షరాల్లో ఉన్నాయి. ప్రారంభించేనాటికే 25,942 పేర్లు.

కాగితం పట్టుకుని వరుసలు వెతుకుతుంటే ఎండ మాడు పగలగొడుతోంది. ఎన్ని పేర్లో! ప్రతి పేరు వెనక ఒక ట్రంకుపెట్టె, ఒక తల్లి. చివరికి కనబడింది. నంబరు సరిపోయింది. చెయ్యి చాపి ఆ రాయి మీద ఆనించాను. కాలిపోతోంది. అయినా తియ్యాలనిపించలేదు.

ఊరొచ్చి ఫోన్లో ఫోటో చూపించాను. ఆవిడ వేలితో అన్నయ్య పేరు తడమబోతే బొమ్మ పక్కకి జరిగిపోయింది. మళ్లీ తడిమారు, మళ్లీ జరిగింది. మర్నాడే స్టూడియోకి వెళ్లి పెద్ద సైజులో కడిగించి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. పక్కనున్న మనవడు "ఈ రాయి ఎవరిది మామ్మా?" అన్నాడు. అంతే, మాట పెగిలింది. అన్నయ్య సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపడం, సెలవులకొచ్చినప్పుడు తెచ్చిన ఎర్ర రిబ్బన్లు... కన్నకొడుక్కి కూడా ఎప్పుడూ చెప్పని సంగతులట.

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. యొర్దాను దాటాక గోత్రానికొకటి చొప్పున పన్నెండు రాళ్లు గిల్గాలులో నిలబెట్టించాడు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే జరిగింది చెప్పమన్నాడు. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. కానీ రాయి తనంతట తాను మాట్లాడదని, అడిగే పిల్లవాడు ఒకడు, జవాబు చెప్పే పెద్ద ఒకరు ఉండాలని ఆ రోజే నాకు బాగా తెలిసింది. పద్దెనిమిదేళ్లు నేను అడగలేదు. అందుకే ఆవిడ చెప్పలేదు. మన తోటలో సమాధి లేదు కాబట్టి నా చీటీలో ఆ పేరు లేదు. దేవుని చీటీలో మాత్రం ఏనాడూ తప్పిపోలేదని నమ్ముతున్నాను.

కిందటి నవంబరులో ఆ పేరు మొట్టమొదట చదివాను. గోడ వారన ఈసారి ఒక్క కొవ్వొత్తి కాదు, పిల్లలు పెట్టినవి చాలా వెలిగాయి.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పేర్లు ఉండొచ్చు. పటాలంలో పోయినవాళ్లు, సముద్రంలో పోయినవాళ్లు, దూరదేశం వెళ్లి తిరిగి రానివాళ్లు. పండుగకి ముందే నాకు చెప్పండి. సమాధి ఉందా లేదా అని అడగను. ఆయన ఎలాంటి మనిషి అని మాత్రం అడుగుతాను. కూర్చుని వింటాను.

ప్రభువు మిమ్మల్ని ఆదరించును గాక. ఆమేన్.