కాశిబుగ్గ నుంచి కల్యాణ మండపం దాకా

కాశిబుగ్గలో మా పెద్దబాపు ఇంటి ముందర, వేపచెట్టు కింద, సగం చెక్కిన రోలు ఒకటి పడి ఉంది. గుంత సగం దాకా దిగి ఆగిపోయింది. ఇంటింటికీ మిక్సీలు వచ్చి రోళ్లు అడిగేవాళ్లు లేకుండా పోయిన రోజుల్లో పక్కన పెట్టాడు. ఇప్పుడు దాని మీద పెద్దమ్మ బిందె బోర్లిస్తుంది. రోళ్లు, ఇసుర్రాళ్లు, గడపరాళ్లు చెక్కి ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి ఆయన. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని మళ్లీ నిలబెట్టారని విన్నప్పటి నుంచి "ఒక్కపారి చూపియ్యి బిడ్డా" అంటున్నాడు. మొన్న ఆదివారం పొద్దున్నే ఆటో మాట్లాడుకొని బయల్దేరాం.

ముందు వరంగల్ కోటకు పోయాం. నాలుగు తోరణాలను అందరూ చూస్తారు. పెద్దబాపు మాత్రం వాటిని ఒక్కసారి తలెత్తి చూసి, నేల మీది రాళ్ల దగ్గరికి నడిచాడు. అక్కడి స్వయంభూ దేవుడి గుడి 1323లో కాకతీయ రాజ్యం కూలాక ముక్కలైంది. హంసల వరుసలు, తామరలు, విరిగిన దూలాలు, ద్వారబంధాలు ఎండలో వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన ఒక్కో ముక్క దగ్గర వంగి, ఉలి ఏ వైపు నుంచి పడిందో చూసుకుంటూ పోయాడు. పుస్తకం చదివే వాళ్లు కూడా అంత నెమ్మదిగా పేజీ తిప్పరు.

ఆ రాళ్ల మధ్య నిలబడితే నాకు ఎప్పుడూ ఫ్రాన్స్, ఇటలీ చర్చిలు గుర్తొస్తాయి. రోమ్ సామ్రాజ్యం కూలాక పడమటి ఐరోపాలో పెద్ద రాతి బొమ్మలు చెక్కడం దాదాపు ఆగిపోయింది. కొన్ని వందల ఏళ్ల పాటు ఆ బొమ్మలన్నీ దంతపు పలకల్లో, బంగారు పనిలో, రాతప్రతుల రంగుల్లో తలదాచుకున్నాయి. పదకొండో శతాబ్దంలో ఊరూరా రాతి చర్చిలు లేస్తుంటే శిల్పం మళ్లీ స్తంభాల తలల మీద, గుమ్మాల పైన మొలిచింది. ఆ పని మొదలుపెట్టిన వాళ్ల కళ్ల ముందు పాత రోమన్ శిథిలాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని మువాసాక్ మఠంలో 1100 నాటి వసారాలో 76 స్తంభశీర్షాలు, వాటి నిండా కథలు. ఈ శైలికి 'రోమనెస్క్' అనే పేరు 19వ శతాబ్దంలో గాని రాలేదు. మన కాకతీయ రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన 1163 నాటికి అక్కడ ఆ పని ముదిరి పండింది. ఒకే కాలంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు చోట్లా రాయి మాట్లాడుతోంది.

కోట నుంచి హనుమకొండ చేరేసరికి ఎండ నెత్తికొచ్చింది. మూడు గర్భగుళ్ల ప్రధానాలయం, ఎదురుగా అద్దంలా మెరిసే నల్లరాతి నంది, దాని అవతల మండపం. పునాది కుంగి స్తంభాలు ఒరిగిపోతే 2006లో దీన్ని రాయి రాయిగా విప్పారు. ప్రతి రాతికీ నంబరు వేసి పక్కన పేర్చారు. నా చిన్నప్పుడు చూసిన మండపం అట్లా రాళ్ల కుప్పలుగా మారి, ఏళ్లు గడుస్తుంటే, ఇక ఇంతేనేమో అని ఊళ్లో చాలామంది ఆశ వదులుకున్నారు. నేనూ వదులుకున్నాను. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు తిరిగి తెరిచారు. పద్దెనిమిదేళ్లు!

పెద్దబాపు చెప్పులు విడిచి, మెట్టుకు దండం పెట్టి ఎక్కాడు. ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మన దగ్గరి తెల్లరాయి గింజరాయి బిడ్డా. సన్నగ చెక్కితే పలుకు లేస్తది. గీ నల్లరాయి ఉక్కు లెక్క గట్టిది గని గింజ సన్నం. వెంట్రుకంత గీత గీసినా నిలుస్తది. గిది చెక్కింది కొంతే. రుద్దింది ఎక్కువ. ఇసుక పోసి, నీళ్లు పోసి, చేతులు పడిపోయేదాక రుద్దాలె."

నేను ఇన్నాళ్లూ ఆ నునుపును ఉలి గొప్పతనం అనుకున్నాను. రోజుల తరబడి రుద్దిన చేతులు నా ఊహలోకే రాలేదు.

కొత్తగా చెక్కి అతికిన రాళ్లను ఆయన నా కంటే ముందే పట్టేశాడు. పాతవాటి అంచులు వానకు, మనుషుల చేతులకు అరిగి మెత్తబడ్డాయి. కొత్తవాటి అంచు ఇంకా వాడిగా ఉంది. నాకు ఆ తేడా మొదట కళ్లలో నలుసులా అనిపించింది. ఆయనకు అనిపించలేదు. "చేసినోని చెయ్యి మంచిగున్నది. అరగాలె గదా, దానికి గూడ ఏండ్లు పడ్తది" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "గీ చెయ్యి ఇప్పుడు యాడ పనిజేస్తున్నదో" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక కల్యాణ మండపం లేవడానికి పట్టిన కాలంలో ఒక కుర్రాడు శిల్పి అయిపోవచ్చు. పని ముగిసిన మర్నాడు అతనికి ఇంకో పని లేకపోతే నేర్చిన చెయ్యి ఎక్కడికి పోతుంది? యాదగిరిగుట్టలో కృష్ణశిలతో, కాకతీయ పోకడల స్తంభాలతో కొత్త గుడి లేచి 2022లో తెరుచుకున్నప్పుడు నేను సంతోషించింది అందుకే. శిల్పులకు ఏళ్ల తరబడి చేతినిండా పని దొరికింది. 2019లో అక్కడి రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి రూపం, పార్టీ గుర్తు కనబడి గొడవైంది, తీసేశారు. తీసేయడం సరైనదే. ఆ భయంతో మన కాలపు బతుకునే రాతి మీదికి రానివ్వకపోతే మాత్రం అన్యాయం. ఫ్రాన్స్‌లో ఓతాన్ చర్చి గుమ్మం చుట్టూ ఏ నెలలో రైతు ఏం పని చేస్తాడో చెక్కి ఉంది. మన స్తంభం మీద బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలెత్తే హమాలీ ఎందుకు ఉండకూడదు?

ఆ ఓతాన్ గుమ్మానికి ఒక కథ ఉంది. 1766లో అక్కడి మతగురువులకు ఆ పాత బొమ్మలు మోటుగా కనిపించి గచ్చు పూయించారు. 1837లో గచ్చు ఊడగొడితే కింద శిల్పం చాలావరకు భద్రంగా బయటపడింది. గిస్లెబెర్టుస్ అనే పేరు దాని మీద చెక్కి ఉంది. అది శిల్పిదా, పోషకుడిదా అని పండితులు ఇంకా వాదులాడుకుంటున్నారు. ఇక్కడ మన పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని జనం రామప్ప గుడి అనే పిలుస్తారు, రామప్ప శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ సంగతి చెబితే పెద్దబాపు ముఖం వెలిగింది. "మంచిగనే జేసిన్రు" అన్నాడు.

తిరిగి కాశిబుగ్గ చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఆయన నేరుగా వేపచెట్టు కిందికి పోయి, రోలు మీది బిందె తీసి పక్కన పెట్టాడు. లోపలి నుంచి గుడ్డమూట తెచ్చి విప్పాడు. ఏడు ఉలులు, ఒక సుత్తి. ఉలుల మొనలు మొద్దుబారి, తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"రేపు పొద్దుగాల కొలిమి కాడికి పోదాం. మొనలు సాగగొట్టియ్యాలె" అన్నాడు. పెద్దమ్మ గడపలో నిలబడి, బిందె ఎక్కడ పెట్టాలని అడిగింది.