జెట్ ఇక్కడ మార్చొద్దు తమ్ముళ్లూ

లడఖ్ సీజన్ వస్తుందంటే చాలు, పాత బుల్లెట్ ఉన్న కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, కార్బ్యురేటర్ జెట్ ఆటోనగర్‌లోనే మార్పించేసుకుని బయల్దేరనా?"

వద్దు తమ్ముడూ. మన బెజవాడ సముద్రమట్టానికి పట్టుమని 30 మీటర్ల ఎత్తు కూడా లేదు. ఇక్కడ గాలి చిక్కన. కొండకి పనికొచ్చే చిన్న జెట్ ఇక్కడే వేస్తే పెట్రోలు చాలక ఇంజిన్ కాగిపోతుంది. ఎండలో హైవే మీద లాగించావంటే పిస్టన్ పట్టేస్తుంది. జెట్ వెంట పెట్టుకెళ్లు, మనాలిలో మార్చు. లంబసింగికైతే అసలు అక్కర్లేదు. దాదాపు 1,000 మీటర్లకి గాలి ఒత్తిడి పదో వంతే తగ్గుతుంది.

ఖర్దుంగ్ లా సంగతి వేరు. 5,359 మీటర్లు. గాలి ఇక్కడున్న దాంట్లో సగమే, పెట్రోలు మాత్రం ఆ లెక్కన తగ్గదు. ప్లగ్ విప్పితే కొసన లేత ఇటుక రంగు పోయి పొడిపొడిగా నల్లటి మసి.

టర్బో ఉన్న లారీకి ఈ బాధ తక్కువ. టర్బైన్ ఇంకా వేగంగా తిరిగి పలచటి గాలినే ఒత్తి కూరుతుంది. దానికీ హద్దుంది, మితిమీరితే గాలి వేడెక్కుతుంది, షాఫ్టుకి ముప్పు. అమెరికా మంచుకొండల్లో స్నోమొబైల్‌కి టర్బో కిట్ ఎంచుకునేవాళ్ల తలనొప్పీ ఇదే: చిన్నది కింద చటుక్కున అందుకుంటుంది, పైన చాలదు. పెద్దది పైన నిలబడుతుంది, కింద ఆలస్యం. నన్నడిగితే ఎక్కువసేపు తిరిగే ఎత్తుకే కొనాలి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్లలో ఇంధనం లెక్క సెన్సార్లు చూసుకుంటాయి. పాత బండి మీదే వెళ్లేవాళ్లు ప్లగ్ స్పానర్, రెండు కొత్త ప్లగ్గులు మర్చిపోవద్దు.