బేతమంగళలో సారు, చారు, సూపు

కోలారు సీమలో బేతమంగళ చెరువు చూడదగినది. నందికొండల వైపు పుట్టిన పాలారు ఇక్కడ చెరువై నిలిచి, ఆపైన కుప్పం సీమను తడిపి, తమిళదేశంలోకి సాగుతుంది. మూడు భాషల వారి నీరన్నమాట. కోలారు బంగారు గనులకు మంచినీరు ఈ చెరువు నుండే గొట్టాల ద్వారా వెళ్లేది. ఆ ఒక్క నీటితోనే గనుల ఊళ్లో దొరల బంగళాలలో సూపూ, కూలీల లైను ఇళ్లలో చారూ కాగేవి.

ఈ సూపు అనే మాట ఎక్కడిది? సంస్కృతంలో సూపమంటే పప్పు, పప్పుకట్టు. సూపకారుడంటే వంటవాడు, విరాటుని కొలువులో భీమసేనుడు చేసిన పని అదే గదా! అందుచేత దొరల సూపు మన సూపమే అనుకోవడానికి మనసు ఒప్పుతుంది. కాని మాటల చరిత్ర ఒప్పదు. ఆంగ్లేయులకు అది ఫ్రెంచివారి నుండి వచ్చింది. దానికి ముందు లాటిన్‌లో 'సుప్పా'. ఆ మూలం జర్మను జాతుల భాషలది. మొదట దాని అర్థం పులుసు కాదు, పులుసులో నానిన రొట్టెముక్క. రాత్రి భోజనానికి 'సప్పర్' అన్న పేరూ ఆ కుటుంబానిదే. మనం రాగిముద్ద తుంచి సారులో అద్దుకొని మింగడం లేదూ? మాటల్లో చుట్టరికం లేకపోయినా తిండిలో ఉన్నది.

మన చారును పాత రాతలో శకటరేఫతో 'చాఱు' అని వ్రాసేవారు. కన్నడిగుల సారు, తమిళుల చాఱు దీని తోబుట్టువులే. మూలార్థం రసం. అందమని అర్థమిచ్చే సంస్కృతపు చారు వేరు. ఇక తమిళుల 'మిళగు తణ్ణీర్', అంటే మిరియాల నీళ్లు, దొరల నోట 'ములిగటానీ' అయి, మాంసమూ మసాలా చేర్చుకొని చిక్కని సూపుగా సీమకు ఓడెక్కింది. అంటే మన వంటింటి మాటే కోటు తొడుక్కొని హోటలు బల్ల మీదికి వచ్చింది.

ఇంత చెప్పడానికి కారణమున్నది. 2001లో గనులు మూతపడ్డాయి. మన పిల్లలు పనికోసం తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కుతున్నారు. వారిలో కొందరికి నలుగురిలో 'బస్సారు' అనడానికి నామోషీ; 'వెజిటబుల్ సూపు' అంటారు. కన్నడంలో 'బసి' అంటే వార్చడం. ఆకుకూరా పప్పూ ఉడికించి వార్చిన నీటిని పారబోయక, దానితోనే కాచుకొన్నది బస్సారు. ఉడికిన పప్పూకూరా తాళింపుకు, నీళ్లు ముద్దలోకి; ఒక్క కుండలో రెండు వంటలు. కరువు చూసిన తల్లుల పొదుపంతా ఆ పేరులో ఉన్నది. పేరు మారిస్తే రుచి మారదు గాని, ఆ తెలివి ఎవరిదో మరుపున పడుతుంది.

సూపు తాగవద్దని మేము అనము. అదీ మంచి మాటే, మంచి తిండే. బస్సారును మాత్రం బస్సారనే పిలుద్దాం.