అటక మీద మానుపిల్లి, వైర్ల మీద ఎలుక పళ్లు

పాత పెంకుటిళ్లలో ఉంటున్న మనవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు వైపే కాదు, హోసూరు, బళ్లారి వైపు కూడా. రాత్రి అటక మీద ఏదో నడుస్తుంది, మర్నాడు లైట్లు మిణుకుమిణుకుమంటాయి. రెండూ ఒకే జంతువు పనే అని తేల్చేసే ముందు కాస్త ఆగమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాజపాళయంలో మా ఇల్లు ముత్తాత కట్టించినది. పైన మంగళూరు పెంకు, కింద టేకు పలకల అటక. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఆ పెంకు మన వైపంతా వచ్చింది. ఇరుగుపొరుగు తమిళులు పరణ్ అంటారు, మా ఇంట్లో మాత్రం ఇన్ని తరాలైనా అది అటకే. కరెంటు చాలా తర్వాత వచ్చింది. కింది గోడల మీద వైర్లను చక్కగా చెక్క పట్టీల్లో పెట్టారు గానీ, పైన అటకలో దూలాల మీదుగా వట్టిగానే లాగేశారు. ఎవరూ చూడని చోటు కదా!

ఆ ఇంట్లో ఇప్పుడు పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటింది. మామిడిపళ్లు మొదలైన రోజుల్లో ఫోన్ చేసి, "అబ్బాయ్, పైన ఎవరో బిందె దొర్లిస్తున్నట్టుందిరా" అంది. వారం తిరక్కుండానే పూజగదిలో లైటు వచ్చీ పోయీ, కాలిన వాసన కూడా మొదలైంది.

ఇక సలహాలకు కొదవా? మందు పెట్టెయ్యమని పక్కింటాయన. అది పునుగు పిల్లి, పట్టిస్తే డబ్బొస్తుందని ఇంకొకాయన. చెన్నైలో ఉన్న మా తమ్ముళ్లయితే పెంకు తీసేసి స్లాబ్ వేయించేద్దామన్నారు. వాళ్ల భయం తప్పనలేను. ఒంటరి మనిషి, ఎండిన టేకు, కాలిన వాసన.

మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో కలిసి పగటిపూట టార్చి పట్టుకుని పైకెక్కాను. అక్కడ కనిపించినవి ఒక జంతువు గుర్తులు కావు, రెండింటివి.

ఒక మూల కుప్పగా రెట్ట, దాని నిండా ఈతగింజలు, సపోటా గింజలు. పక్కనే రెండు పెంకులు పక్కకు జరిగి ఆకాశం కనిపిస్తోంది. అది మానుపిల్లిది. తమిళంలో దీన్నే మరనాయ్ అంటారు. వాళ్లకేమో చెట్టు కుక్క, మనకేమో చెట్టు పిల్లి! తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే తైలం ఇచ్చే పునుగు పిల్లి వేరు. అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. మానుపిల్లి చెట్లూ కప్పులూ ఎక్కుతుంది. పళ్లు తింటుంది, ఎలుకల్నీ తింటుంది.

వైర్ల దగ్గర కథ వేరు. తొడుగు మీద చిన్న ఉలితో చెక్కినట్టు జంట గాట్లు, కింద బియ్యపు గింజలకన్నా కాస్త పెద్ద నల్లటి రెట్టలు. ఇది ఎలుక పని. ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. మానుపిల్లికి ఆ అవసరం లేదు. రెండు చోట్ల రాగి బయటపడి దూలానికి ఆనుకుని ఉంది, పక్కనే ఎలుక గూడు. కింద ఫ్యూజులో ఎవరో ఎప్పుడో లావు తీగ చుట్టారు, కాబట్టి ఎంత కరెంటు లాగినా అది పోదు. సరిగ్గా ఆ దూలం కిందే పెద్దమ్మ మంచం.

గూడంతా కాగితం ముక్కలే. ముత్తవ్వ ట్రంకు పెట్టెలోవి. ఆవిడ తెలుగులో రాసుకున్న ఉత్తరాలు. మా తరం అందరం తమిళ బడుల్లో చదివినవాళ్లమే. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను గానీ, ఆ గొలుసుకట్టు రాత గడగడా చదవగలిగేది పెద్దమ్మ ఒక్కతే. సగం పోయాయి. మిగిలినవి ఒళ్లో పెట్టుకుని ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ముందు వైర్ల సంగతి చూశాం. పాతవి తీయించి, కొత్తవి ఇనుప గొట్టాల్లో వేయించాం. ఫ్యూజుల బదులు ఎంసీబీలు, వాటితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా ఆగిపోయే ఆర్‌సీసీబీ ఒకటి. దానితో అసలు ప్రమాదం తీరింది. ఇక జంతువుల విషయంలో తొందర లేదు.

మానుపిల్లి దారి తెలుసుకోవడానికి పెద్దమ్మే ఉపాయం చెప్పింది. జరిగిన పెంకుల దగ్గర పలక మీద ముగ్గుపిండి పల్చగా చల్లమంది. పొద్దున చూస్తే అడుగులు. మామూలు పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, దీనికి ఐదు. రాత్రి చీకటి పడ్డాక వెళ్లి తెల్లవారకముందే వస్తోంది. కానీ అది లేని వేళ కూడా పైనుంచి సన్నగా కూతలు. పిల్లలున్నాయి! ఆ రాత్రే కన్నం మూసేస్తే అవి లోపలే చచ్చేవి, తల్లి కప్పు పీకేది. "పిల్లలతల్లిని తరమకూడదురా, ఉండనీ" అంది పెద్దమ్మ. రెండు నెలలు ఆగాం. పిల్లలు కూడా తల్లి వెంట బయటికి పోతున్నాయని ముగ్గుపిండే చెప్పింది. ఒక రాత్రి అన్నీ వెళ్లాక లోపలంతా వెతికి, ఏమీ లేదనుకున్నాక కన్నాలకు అర అంగుళం కళ్ల గట్టి ఇనుప జాలీ కొట్టించాం. పెంకుల మీదికి వంగిన మామిడి కొమ్మ నరికించాం.

ఎలుకలకు బోన్లే పెట్టాం, మందు కాదు. మందు తిన్న ఎలుకను మానుపిల్లో గుడ్లగూబో తింటే అదీ చస్తుంది. పైగా అటక సందుల్లో చచ్చిన ఎలుక వాసన ఎన్ని రోజులు ఉంటుందో మీకు తెలియంది కాదు. ఇంకో మాట. మానుపిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టడం, చంపడం, అమ్మడం నేరం. చేతకాకపోతే అటవీశాఖ వాళ్లకు చెప్పాలి. పొగ పెట్టి తరిమే పాత పద్ధతి చెక్క అటకలో అసలొద్దు.

స్లాబ్ మాట ప్రస్తుతానికి ఎవరూ ఎత్తడం లేదు. మానుపిల్లి ఇప్పుడు పెరటి చింతచెట్టు మీద ఉంటోందని పెద్దమ్మ అంటుంది. మీ ఇంట్లో అటక ఉంటే ఈ ఆదివారం పగటిపూట మెయిన్ ఆపి, టార్చి తీసుకుని ఒకసారి ఎక్కండి. ముందు వైర్లు చూడండి. ఆ వెంటనే ట్రంకు పెట్టెలు కిందికి దించండి. వైర్లు కొత్తవి కొనుక్కోవచ్చు. ముత్తవ్వ రాసిన ఉత్తరం మళ్లీ రాసేవాళ్లు లేరు.