వరుణ నామక లఘుగ్రహం

సాయంసంధ్యలో పశ్చిమాభిముఖంగా నిలిచి వరుణోపస్థానం చేయడం ఉపనయనం నాటి నుండి నాకు అభ్యాసం. ఆ మంత్రాలు అశ్వారావుపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి నాన్నగారు నేర్పినవి. స్వరం తప్పితే మందలించేవారు గాని అర్థం ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తెలిసి గాని తెలియక గాని చేసిన దోషాలను మన్నించమని వరుణుని వేడుకోవడమే వాటి సారమని నలభై ఏళ్ళు దాటిన తరువాత తెలుసుకున్నాను. అందుకు నిమిత్తమైనది ఒక లఘుగ్రహం.

2000 నవంబరు 28న అమెరికాలోని కిట్ పీక్ శిఖరం మీద స్పేస్‌వాచ్ బృందం, నెప్ట్యూన్‌కు ఆవల మందగమనంతో కదులుతున్న ఒక బిందువును కనుగొన్నది. లఘుగ్రహాల పట్టికలో దానికి 20000వ సంఖ్య, వరుణ అనే వైదిక నామం లభించాయి. సూర్యుని నుండి దాని సగటు దూరం సుమారు 640 కోట్ల కిలోమీటర్లు. సూర్యకిరణం అక్కడికి చేరడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. ఆ గోళం (గోళమనడం కూడా ఉపచారమే, వేగభ్రమణం వల్ల అది కోలగా సాగి ఉన్నదంటారు) తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టేదీ రమారమి ఆరు గంటల ఇరవై నిమిషాలే. అంటే ఇక్కడ బయలుదేరిన వెలుగు అక్కడికి చేరేలోగా అక్కడ ఒక అహోరాత్రం ఇంచుమించు గడిచిపోతుంది. సూర్యుని చుట్టూ ఒక ప్రదక్షిణకు మాత్రం సుమారు 280 సంవత్సరాలు. శని రెండున్నర ఏళ్ళలో దాటే రాశి ప్రమాణాన్ని దాటడానికి దీనికి ఇరవైమూడేళ్ళు పైబడుతుంది. దీనికి జాతకచక్రంలో స్థానం కల్పించాలని మన దైవజ్ఞులు ఇంకా తొందరపడకపోవడం అదృష్టమే.

నన్ను నిలిపివేసిన విషయం వేరొకటి. ఈ గ్రహం కక్ష్యను గణించి వెనుకటి కాలానికి లెక్కకట్టగా, 1950ల దశకంలో పలోమార్ పర్వతం మీద తీసిన ఛాయాచిత్ర ఫలకాలలోనే దాని చుక్క కనిపించింది. అటువంటి గాజు ఫలకాల మీద మన బేగంపేటలోని నిజామియా వేధశాలవారు కూడా గత శతాబ్ది తొలి దశకాలలో లక్షల నక్షత్రాల స్థానాలను నమోదు చేశారు. ఫలకం అబద్ధమాడదు. పడిన వెలుగును పడినట్టే పట్టుకుంటుంది. అయినా నాలుగు దశాబ్దాలకు పైగా ఆ చుక్క ఎవరిదో ఎవరికీ తెలియలేదు. వేదాంతులు ప్రత్యభిజ్ఞకు చెప్పే దేవదత్తుని దృష్టాంతంలో, చూచినవాడే మరల చూచి ‘ఆ దేవదత్తుడే ఇతడు’ అంటాడు. ఇక్కడ మొదట చూచినది జడమైన గాజు. ఎరుగవలసినవాడు తరువాత వచ్చాడు.

వరుణ నామం మీది కుతూహలంతో ఆ రాత్రే సంధ్యామంత్రాల భాష్యం తెరిచాను. అర్థం చదువుతుండగా 1987 నాటి ఒక రాత్రి స్మృతికి వచ్చింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు కాలువ నీరు వంతుల వారీగా వదిలేవారు. ఆ రాత్రి వంతు మా పిన్నిది. బాబాయి పోయి రెండేళ్ళయింది, పిల్లలు చిన్నవాళ్ళు. నాకు పంతొమ్మిదేళ్ళు. లాంతరు పట్టుకుని వెళ్ళి ఆమె మడవ పూడ్చి, నీటిని మా మడికి తిప్పాను. తెల్లవారేలోగా మళ్ళీ తెరిచాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఆమె పొలంలో ఒక చెక్క ఎండిపోయింది. ఇద్దరు ఏకాంతంగా మాట్లాడుకునే చోట వరుణుడు మూడవవాడై ఉంటాడని వైదికుల విశ్వాసం. నేనైతే ఒంటరిగానే ఉన్నాను.

మర్నాడు పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆ మడులన్నీ ఇప్పుడు పామాయిల్ తోటలు, గట్ల ఆనవాలు కూడా లేదు. అరుగు మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

“ఆ లాంతరు నేను పెరట్లోంచి చూశాను నాయనా. బావగారనుకున్నాను.”

అప్పటి నుండి ఆమె మా గడప తొక్కలేదు. కారణం మాకు అంతుపట్టలేదు. “మరదలికి ఏం కష్టం కలిగించామో” అని నాన్నగారు అనేవారు. ఆ మాట అంటూనే కన్నుమూశారు. లాంతరు నిజం, గట్టు మీద మనిషి నిజం. ఆ మనిషి మీద ఆరోపితమైన పేరు మాత్రం నాన్నగారిది. అధ్యాసకు శుక్తి రజతమనీ రజ్జు సర్పమనీ ఉదాహరణలు ఎన్నో చదివాను. ఆ చీకట్లో ఆ తాడును అక్కడ వేసినవాణ్ణి నేనే.

“ముందే చెప్పలేకపోయావా?” అన్నది పిన్ని. “ఆయన పోయినప్పుడు కూడా నేను గుమ్మంలోంచే తిరిగి వచ్చేశాను.”

నా దగ్గర సమాధానం లేదు. ఆమె కూడా దానికోసం ఆగలేదు, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాఘంలో నాన్నగారి ఆబ్దికానికి తెల్లవారుజామునే పిన్ని వచ్చింది. నాతో మాట్లాడలేదు. తడిబట్టతో వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే గారెలపిండి రుబ్బడానికి కూర్చుంది.